ఆల్బుమిన్ తగ్గిందన్నారు – మనిషి ఎందుకు చిక్కిపోతున్నారు?

మిరప కోతల రోజుల్లో నందిగామ దగ్గరి ఒక పల్లె నుండి ఒక అబ్బాయి తన తల్లిని తీసుకుని మా వార్డుకు వచ్చాడు. ఆమెకు జీర్ణాశయంలో క్యాన్సర్. విజయవాడలో రెండుసార్లు కీమోథెరపీ ఇచ్చారు. మూడోసారికి వెళ్తే బరువు బాగా తగ్గిందని, కాస్త కోలుకున్నాక రమ్మని పంపేశారు. అబ్బాయి చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ల్యాబ్ కాగితాలు. ఒక వరుస కింద ఎర్ర పెన్నుతో గీత గీసి ఉంది. ఆల్బుమిన్ 2.4.

“సిస్టరమ్మా, ఇది తగ్గబట్టే మా అమ్మ లేవలేకపోతోందంట గదా. ఆల్బుమిన్ సీసా మందుల షాపులో దొరుకుద్దంట. ఎంతైనా ఫర్వాలేదు, రెండు సీసాలు ఎక్కించండి. మిర్చి అమ్మిన డబ్బులున్నయ్” అన్నాడు.

పక్కనే అతని భార్య నిలబడి ఉంది. కళ్లనిండా నీళ్లు. “కోడలు సరిగా అన్నం పెట్టటం లేదని ఊళ్లో అందరూ అంటున్నారండీ. పెడితే తినదు. బలవంతాన పెడితే కక్కుకుంటది. నేనేం చెయ్యను?” అంది.

ఇద్దరి ప్రశ్నకూ జవాబు ఆ కాగితంలోనే ఉంది. కాకపోతే అబ్బాయి గీత గీసిన చోట కాదు, రెండు వరుసల కింద. అక్కడ సీఆర్‌పీ 86 అని ఉంది. దానికి ఎవరూ గీత గీయలేదు.

జగ్గయ్యపేట వైపు నుండి, నందిగామ వైపు నుండి మా దగ్గరకు వచ్చే చాలా కుటుంబాలు ఇదే కవరుతో, ఇదే ప్రశ్నతో వస్తున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను డాక్టరును కాను, నర్సును. మందు మార్చమని గానీ, మానమని గానీ ఇందులో ఎక్కడా చెప్పటం లేదు. చేతిలో ఉన్న కాగితం ఏమి చెబుతోందో తెలిస్తే డబ్బు వృథా కాకుండా ఉంటుంది, ఇంట్లో ఒకరినొకరు నిందించుకోవటం తగ్గుతుంది.

పస్తుతో తగ్గటం వేరు, ఈ చిక్కిపోవటం వేరు

వారం రోజులు జ్వరంతో పడుకుని లేచిన మనిషి బరువు తగ్గుతాడు. మళ్లీ అన్నం తింటే నెలలో కోలుకుంటాడు. ఉపవాసం ఉన్నప్పుడు మన శరీరం ఎంతో పొదుపుగా ఉంటుంది. ముందు కొవ్వును వాడుకుని కండను వీలైనంత కాపాడుకుంటుంది. ఖర్చు తగ్గించుకుంటుంది. పంట పోయిన ఏడాది రైతు ఇల్లు నడుపుకున్నట్లే.

క్యాన్సర్‌తో వచ్చే చిక్కిపోవటం అలా ఉండదు. దీనిని డాక్టర్లు క్యాకెక్సియా అంటారు. ఇందులో శరీరం పొదుపు మరచిపోతుంది. కొవ్వూ పోతుంది, కండా పోతుంది. కడుపులోకి వెళ్లింది కూడా పూర్తిగా ఒంటికి పట్టదు. అన్నం పెడితే తగ్గేదైతే ఆ కోడలు ఎప్పుడో తగ్గించి ఉండేది.

కారణం ఏమిటంటే, క్యాన్సర్ కణాలకూ, వాటితో పోరాడే మన రక్షణ కణాలకూ మధ్య జరిగే గొడవలో కొన్ని రసాయనాలు రక్తంలోకి వస్తాయి. ఇంటర్‌ల్యూకిన్ 6 అనేది ఒకటి. టీఎన్ఎఫ్ అనేది మరొకటి. ఈ టీఎన్ఎఫ్ కథ ఆసక్తిగా ఉంటుంది. న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో, జబ్బుచేసిన జంతువులను ఎముకల గూడుగా మార్చే పదార్థం ఏదో రక్తంలో ఉందని కనిపెట్టి దానికి క్యాకెక్టిన్ అని పేరు పెట్టారు. అది వేరే శాస్త్రవేత్తలు గడ్డలను చంపుతుందని కనుగొన్న టీఎన్ఎఫ్ ఒక్కటేనని 1985లో తేలింది. శరీరం తనను కాపాడుకోవటానికి తయారుచేసుకునే పదార్థమే ఎక్కువైనప్పుడు శరీరాన్నే కరిగిస్తోందన్నమాట.

ఈ రసాయనాలు మెదడుకు చేరి ఆకలిని చంపుతాయి. కండరాలకు చేరి వాటిలోని మాంసకృత్తులను విడగొడతాయి. కాలేయానికి చేరి “మంట లేచింది, పోరాటానికి సామాన్లు తయారుచెయ్యి” అని ఆజ్ఞ ఇస్తాయి. కండ కరిగి వచ్చిన ముడిసరుకుతో కాలేయం ఆ సామాన్లు తయారుచేస్తూ కూర్చుంటుంది. లోపల ఇంత జరుగుతుంటే పైకి మనకు కనిపించేది ఒక్కటే, ఆమె కంచం పక్కకు నెట్టటం. “మొండితనం చేస్తోంది” అంటాము. అది మొండితనం కాదు. ఆకలి అనే గంటను మోగించే చోటనే తీగ తెగింది.

జీర్ణవ్యవస్థ క్యాన్సర్లలో ఇది మరీ ఎక్కువ. పాంక్రియాస్, జీర్ణాశయం, అన్నవాహిక క్యాన్సర్లు మొదటి వరుసలో ఉంటాయి. పెద్దపేగు క్యాన్సర్‌లో కొంచెం తక్కువ. వీరికి రెండు దెబ్బలు తగులుతాయి. ఒకటి ఇప్పుడు చెప్పిన మంట. రెండవది దారిలోనే అడ్డం. గడ్డ వల్ల ముద్ద దిగదు, లేదా కడుపు నాలుగు ముద్దలకే నిండిపోతుంది, లేదా పాంక్రియాస్ రసం రాక తిన్న నూనె, నెయ్యి అరగక విరేచనంలో తేలుతూ పోతుంది. ఈ రెండవ దెబ్బకు చాలాసార్లు వైద్యం ఉంది. ముద్ద దిగటానికి స్టెంటు వేస్తారు. జిడ్డు విరేచనాలకు ఎంజైము క్యాప్సూళ్లు అన్నంతోపాటు ఇస్తారు. కనుక “విరేచనం నీళ్లమీద తేలుతోంది, జిడ్డుగా ఉంది” అనే మాట సిగ్గుపడకుండా చెప్పండి. ఆ ఒక్క మాటతో వైద్యమే మారిన సందర్భాలు చూశాను.

ఇంకొక మాట. మన దగ్గర మనిషి చిక్కిపోతే ముందు క్షయ అనుకుంటారు. ఆ మాటకు అర్థమే తరిగిపోవటం. టీబీ ఉందేమో చూడటం మంచిదే, కళ్లె పరీక్ష చేయించాలి. అయితే కళ్లె పరీక్షలో ఏమీ లేదని తేలిన తర్వాత కూడా బరువు తగ్గుతూ ఉంటే అక్కడితో ఆగిపోవద్దు. యాభై దాటిన మనిషికి కొత్తగా షుగరు వచ్చి, దానితోపాటే బరువు తగ్గుతుంటే అది ఒక్కోసారి పాంక్రియాస్ క్యాన్సర్ తొలి గుర్తు అవుతుంది. “షుగరు వచ్చిందిగా, చిక్కుతాడులే” అని ఊరుకోవద్దు.

ఎంత తగ్గితే ప్రమాదం?

2011లో వివిధ దేశాల నిపుణులు కూర్చుని ఒక లెక్క చెప్పారు. ఆరు నెలల్లో, ప్రయత్నం చేయకుండానే, ఒంటి బరువులో నూటికి 5 వంతుల కంటే ఎక్కువ తగ్గితే అది క్యాకెక్సియా. 50 కిలోల మనిషి రెండున్నర కిలోలకు మించి తగ్గటమన్నమాట. ముందే సన్నగా ఉన్న మనిషికైతే నూటికి 2 వంతులు దాటినా చాలు. ఐదడుగుల ఎత్తున్న ఆడమనిషి 46 కిలోల లోపు ఉంటే ఈ రెండవ లెక్కలోకి వస్తుంది. పొలం పనికి వెళ్లే మన ఆడవాళ్లలో చాలామంది జబ్బు రాకముందే అంతే ఉంటారు. కనుక మన వాళ్లకు కిలో తగ్గటం కూడా కబురే.

ఏ రక్త పరీక్షకంటే ముందు బరువు మెషీను మాట్లాడుతుంది. వారానికి ఒకసారి, ఒకే మెషీను మీద, ఉదయం బాత్‌రూముకు వెళ్లి వచ్చాక, ఏమీ తినకముందు, అదే రకం బట్టలతో తూచి నోటుబుక్కులో తేదీ వేసి రాయండి. ఇంట్లో మెషీను లేకపోతే ఏఎన్ఎం అమ్మగారి దగ్గర ఉంటుంది. ఒక పెద్దాయనను పత్తి తూచే కాటా మీద నిలబెట్టి తూచి చీటీ రాసుకుని తెచ్చారు. నవ్వుకున్నాము గానీ, నాలుగు వారాలూ అదే కాటా మీద తూచారు కనుక ఆ లెక్క డాక్టరుగారికి బాగా పనికివచ్చింది.

ఒక మోసం ఉంది, గుర్తుపెట్టుకోండి. కాళ్లకు నీరు వచ్చినా, పొట్టలో నీరు చేరినా బరువు తగ్గినట్లు కనిపించదు. కండ కరుగుతూ నీరు చేరుతూ ఉంటే ముల్లు అక్కడే నిలబడుతుంది. ఆ నందిగామ అమ్మకు అదే జరిగింది. అలాంటప్పుడు గాజులు, జబ్బ దగ్గర జాకెట్టు, కణతలు చూడండి. మోచేతి దాకా గాజులు జారుతున్నాయా, పట్టుకోకుండా మంచం మీద నుండి లేవగలుగుతున్నారా, ఇదివరకు మోసిన నీళ్ల బిందె ఇప్పుడు మోయగలరా, ఇవి రాసుకోండి.

సీఆర్‌పీ – ఎవరూ గీత గీయని వరుస

కాలేయానికి “మంట లేచింది” అనే ఆజ్ఞ వచ్చినప్పుడు అది తయారుచేసే సామాన్లలో ముఖ్యమైనది సీ రియాక్టివ్ ప్రోటీన్. 1930లో రాక్‌ఫెల్లర్ సంస్థలోనే, న్యుమోనియా రోగుల రక్తంలో దీనిని మొదటిసారి చూశారు. లోపల ఎక్కడో మంట ఉందని చెప్పే పొగ లాంటిది ఇది. పొగ ఎక్కడిదో మాత్రం చెప్పదు.

మామూలుగా లీటరు రక్తద్రవంలో 5 మిల్లీగ్రాముల లోపు ఉంటుంది. క్యాన్సర్ రోగిలో 10 దాటి, వారాల తరబడి అలాగే ఉంటే ఆ మంట క్యాన్సర్‌దే కావచ్చునని అనుమానిస్తారు. కానీ జ్వరం, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్, మూసుకుపోయిన స్టెంటు, చీము పట్టిన పుండు, ఇవి ఉన్నా పెరుగుతుంది. చాలా ఎక్కువగా కూడా పెరుగుతుంది. ఇన్ఫెక్షన్ తగ్గితే సీఆర్‌పీ కూడా కొద్ది రోజులలోనే దిగివస్తుంది. కనుక ఒక్క కాగితం చూసి భయపడకూడదు. జ్వరం లేని రోజుల్లో, కొంత ఎడంతో రెండుసార్లు చేసినవి పక్కపక్కన పెట్టి చూడాలి.

కాగితం చదివేటప్పుడు కొలత కూడా చూడండి. కొన్ని ల్యాబులు లీటరుకు ఎంత అని రాస్తాయి, కొన్ని డెసీలీటరుకు రాస్తాయి. డెసీలీటరు లెక్కలో 1 అంటే లీటరు లెక్కలో 10. జగ్గయ్యపేటలో చేయించిన దానిలో 60, విజయవాడలో చేయించిన దానిలో 6 ఉందని ఒక కుటుంబం ఎంతో సంతోషంగా వచ్చింది. రెండూ ఒకటేనని నేను చెప్పవలసి వచ్చింది. ఆ రోజు వాళ్ల ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి. వీలైతే ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించండి.

ఆల్బుమిన్ – అందరూ తప్పుగా చదివే వరుస

ఆల్బుమిన్ కూడా కాలేయం తయారుచేసేదే. రక్తంలో నీటిని నాళాలలోనే నిలిపి ఉంచటం దీని పని. డెసీలీటరుకు 3.5 నుండి 5 గ్రాముల దాకా ఉండాలి. తగ్గితే కాళ్లకు నీరు వస్తుంది.

ఇది ప్రోటీన్ కదా, తగ్గిందంటే ప్రోటీన్ తినలేదని అర్థం, ఎక్కిస్తే సరిపోతుంది అని అందరమూ అనుకుంటాము. నేను నర్సింగు చదివిన రోజుల్లో మాకూ దాదాపు అలాగే చెప్పారు. ఇప్పుడు ఆ మాట నిలవటం లేదు. కేవలం పస్తు వల్ల ఎముకలు తేలిన మనిషికి కూడా చాలాకాలం ఆల్బుమిన్ మామూలుగానే ఉండటం చూశారు. మంట లేచినప్పుడు మాత్రం, మంచిగా తింటున్న మనిషికి కూడా పడిపోతుంది. కాలేయం పోరాటపు సామాన్ల పనిలో పడి ఆల్బుమిన్ తయారీని పక్కన పెడుతుంది. ఉన్నది కూడా నాళాల నుండి బయటకు కారిపోతుంది. అందుకే ఆల్బుమిన్ తిండిని కొలిచే కొలమానం కాదని పోషకాహార నిపుణుల సంఘాలు ఇప్పుడు చెబుతున్నాయి. కాలేయ జబ్బు, మూత్రంలో ప్రోటీన్ పోయే కిడ్నీ జబ్బు ఉన్నా ఇది తగ్గుతుంది. సెలైన్ ఎక్కువగా ఎక్కించినా రక్తం పలచబడి తగ్గినట్లు కనిపిస్తుంది.

కోడలమ్మ ఈ మాట రెండుసార్లు చెప్పించుకుంది. “అంటే ఇది నేను పెట్టకపోవటం వల్ల తగ్గింది కాదా అండీ?” కాదమ్మా. నీవు పెట్టేది అవసరమే, దాని సంగతి తర్వాత చెబుతాను. కానీ ఆ 2.4 నీ వంట మీద వేసిన మార్కులు కావు.

ఇక సీసా సంగతి. 20 శాతం ఆల్బుమిన్ 100 మిల్లీలీటర్ల సీసాలో 20 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. ఖరీదు వేలల్లో ఉంటుంది. నరంలోకి వెళ్లిన ఆ ఆల్బుమిన్ కండగా మారదు. కొద్ది రోజులు కాగితం మీద అంకె పెరుగుతుంది, లోపలి మంట అలాగే ఉంటుంది కనుక మళ్లీ దిగుతుంది. కాలేయం చెడిపోయి పొట్టలోని నీటిని ఎక్కువ మొత్తంలో తీసినప్పుడు, ఇంకా అటువంటి కొన్ని సందర్భాలలో డాక్టర్లే రాస్తారు. అప్పుడు అది నిజంగా అవసరం. మనిషి చిక్కిపోయారని మనంతట మనం అడిగి ఎక్కించుకునేది కాదు.

సెలైన్ కూడా అంతే. అర లీటరు 5 శాతం గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. వంద కేలరీలు కూడా రావు. ఒక గుడ్డు, ఒక అరటిపండు అంతకంటే ఎక్కువ బలం. ఉప్పు సెలైన్‌లో అయితే కేలరీ అన్నదే లేదు. వాంతులు, విరేచనాలతో నీరు పోయిన మనిషికి సెలైన్ ప్రాణం నిలుపుతుంది. బలానికి మాత్రం పనిచేయదు. ఆల్బుమిన్ తక్కువగా ఉన్న మనిషికి ఊరికే ఎక్కిస్తే కాళ్ల నీరు పెరుగుతుంది, ఆయాసం వస్తుంది. “రెండు సీసాలు పెట్టించుకుంటే తేలికగా ఉంది” అనే మాట రోజూ వింటాను. పక్కన ఎవరో కూర్చుని రెండు గంటలు చెయ్యి పట్టుకున్నందువల్ల ఆ తేలిక వచ్చి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

రెండిటినీ కలిపి చదవటం

స్కాట్లాండులోని గ్లాస్గో నగరపు డాక్టర్లు 2003లో ఒక సులువైన పద్ధతి చెప్పారు. సీఆర్‌పీ 10 దాటిందా, ఆల్బుమిన్ 3.5 లోపు ఉందా? రెండూ మంచిగా ఉంటే సున్నా. ఏదో ఒకటి చెడితే 1. రెండూ చెడితే 2. మొదట ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో చూశారు. తర్వాత జీర్ణాశయం, పెద్దపేగు, పాంక్రియాస్ క్యాన్సర్లలోనూ పనికివచ్చింది. అంకె పెరిగేకొద్దీ శరీరం లోపలి నుండి ఎక్కువగా తరిగిపోతున్నట్లు, మందులను తట్టుకునే శక్తి తగ్గుతున్నట్లు లెక్క. నందిగామ అమ్మది 2. విజయవాడ డాక్టర్లు మూడో కీమో ఎందుకు ఆపారో అబ్బాయికి అప్పుడు అర్థమైంది. అప్పటిదాకా డబ్బుల కోసమో, పడకలు లేకనో తిప్పుతున్నారని కోపంగా ఉన్నాడు. 

ఈ అంకె జాతకం కాదు. 2 వచ్చినవారు బాగా నిలబడటమూ చూశాను, సున్నా వచ్చినవారు త్వరగా వెళ్లిపోవటమూ చూశాను. ఎవరిని తొందరగా పట్టించుకోవాలో చెప్పే గంట అనుకోండి.

మిగిలిన వరుసలలో రెండు ముఖ్యం. హీమోగ్లోబిన్ తగ్గటం జీర్ణాశయం, పెద్దపేగు క్యాన్సర్లలో మామూలే. గడ్డ నుండి కొద్దికొద్దిగా రక్తం పోతే ఐరన్ తరిగిపోతుంది. అప్పుడు ఐరన్ ఇస్తే మేలు. ఇంకొక రకంలో ఐరన్ ఒంట్లోనే ఉంటుంది కానీ మంట వల్ల గిడ్డంగికి తాళం పడుతుంది. అప్పుడు మాత్రలు మింగి మలబద్ధకం తెచ్చుకోవటమే మిగులుతుంది. ఫెరిటిన్ మొదలైన పరీక్షలతో ఏ రకమో డాక్టరుగారు తేలుస్తారు. విరేచనం తారులా నల్లగా వస్తే మాత్రం పరీక్షల కోసం ఆగకుండా వెంటనే తీసుకురండి.

రెండవది క్రియాటినిన్. కిడ్నీ పరీక్ష అని అందరికీ తెలుసు. 0.4 వచ్చిందంటే “కిడ్నీలు బ్రహ్మాండంగా ఉన్నాయి” అని సంబరపడతారు. క్రియాటినిన్ పుట్టేది కండరాల నుండి. కండ కరిగిపోయిన మనిషిలో అది తక్కువగానే వస్తుంది. లోపల కిడ్నీ దెబ్బతిన్నా కాగితంలో తెలియకుండా పోవచ్చు. నొప్పి మాత్రలు షాపులో కొని వాడే అలవాటు మనకు ఉంది. ఈ స్థితిలో అది ప్రమాదం.

కొత్తగా జీడీఎఫ్ 15 అనే మరొక పదార్థం గురించి మాట్లాడుతున్నారు. ఇది మెదడు కింది భాగంలో ఒకచోట తగిలి ఆకలిని చంపి వికారం పుట్టిస్తుందని 2017లో తెలిసింది. దీనిని అడ్డుకునే ఇంజక్షనును ఊపిరితిత్తులు, పాంక్రియాస్, పెద్దపేగు క్యాన్సర్ ఉన్న 187 మందిలో పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించారు. ఎక్కువ మోతాదు తీసుకున్నవారు పన్నెండు వారాలలో, ఉత్తుత్తి మందు తీసుకున్నవారికంటే 2.8 కిలోల బరువు ఎక్కువగా ఉన్నారు. ఇది ఇంకా పరిశోధనలో ఉన్న మందు. ఈ పరీక్ష చేయించండి అని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే డాక్టరుగారిని అడగకుండా డబ్బు కట్టవద్దు.

మరి ఏమి చేయాలి?

మొదట అసలు క్యాన్సర్ వైద్యం మానవద్దు. గడ్డ తగ్గితే మంటా తగ్గుతుంది. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుండి క్యాన్సర్ వైద్యం అందులో ఉంది. మన రాష్ట్రంలో ఆ పథకం పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. మన ఊళ్లు 2022 నుండి కృష్ణా జిల్లా నుండి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. పాత కాగితాల మీద కృష్ణా అని ఉందని కొందరు కంగారుపడుతున్నారు. కార్డు తీసుకుని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో 2020 నుండి క్యాన్సర్ కేంద్రం ఉంది. హైదరాబాదులో ఎంఎన్‌జే ఆసుపత్రి ఎప్పటి నుండో ఉంది.

తర్వాత పథ్యం. దీని గురించి నాకు కోపం ఎక్కువ. గుడ్డు వేడి, పాలు కఫం, మాంసం గడ్డను పెంచుతుంది, పప్పు వాతం అని ఒక్కొక్కటే మాన్పించి చివరకు గంజి, రస్కు మీద నిలబెడతారు. కరుగుతున్న కండకు ముడిసరుకు కూడా ఆపేస్తే ఇక మిగిలేదేమిటి? మంటను తిండి ఒక్కటే ఆపలేదు. అయినా తిండి లేకపోతే కరిగే వేగం ఇంకా పెరుగుతుంది. ఈ రోగులకు రోజుకు కిలో బరువుకు ఒక గ్రాముకు తగ్గకుండా, వీలైతే ఒకటిన్నర గ్రాము ప్రోటీన్ ఇవ్వాలంటారు. 40 కిలోల అమ్మకు 40 నుండి 60 గ్రాములు. గుడ్డులో 6, గ్లాసు పాలలో 6, గుప్పెడు వేరుశెనగపప్పులో 7, వంద గ్రాముల కోడిమాంసంలో పాతిక. కోడలమ్మ వేళ్లు మడిచి లెక్క వేసి, “ఇన్నాళ్లూ పదిహేను కూడా పోలేదండీ” అంది. జావ పోయవద్దని కాదు. జావలో నీళ్లకు బదులు పాలు పోయండి, వేయించిన వేరుశెనగ పొడి కలపండి, చెంచా నెయ్యి వేయండి. కంచం నిండా పెడితే చూడగానే కడుపు నిండిపోతుంది. చిన్న గిన్నెలో, రెండు గంటలకొకసారి, ఆకలి ఉన్న పూట ఎక్కువగా పెట్టండి. చాలామందికి అది ఉదయం పూట. వంటింట్లో పోపు వాసన పడకపోతే చల్లారాక పెట్టండి. కిడ్నీ, కాలేయం జబ్బులున్నవారు మాత్రం ఈ లెక్క డాక్టరుగారిని అడిగి సరిచూసుకోవాలి.

పడుకోబెట్టవద్దు. “బలం లేదు, కదలవద్దు” అని మంచానికి కట్టేస్తే మిగిలిన కండ కూడా పోతుంది. వాకిట్లో పది అడుగులు, కుర్చీలో నుండి నాలుగుసార్లు లేచి కూర్చోవటం, అంతే చాలు.

ఆకలికి మందు ఉందా అంటే కొంతవరకు ఉంది. పుదుచ్చేరిలోని జిప్‌మర్ డాక్టర్లు జీర్ణాశయం, కాలేయం, పాంక్రియాస్, ఊపిరితిత్తుల క్యాన్సర్లతో కీమో తీసుకుంటున్న 124 మందిలో ఓలాంజపిన్ అనే మందును రోజుకు 2.5 మిల్లీగ్రాముల చిన్న మోతాదులో ఇచ్చి చూసి 2023లో ప్రచురించారు. ఇచ్చినవారిలో నూటికి 60 మంది బరువు నూటికి 5 వంతులకు మించి పెరిగింది. ఇవ్వనివారిలో నూటికి 9 మందికే పెరిగింది. ఇది మన పక్క ఊళ్ల మనుషుల లాంటివారి మీద జరిగిన పని కనుక నాకు దాని మీద గురి. ఈ మందును మానసిక జబ్బులకు కూడా వాడతారు. అందుకని చీటీ చూసి షాపులో ఎవరో “ఇది పిచ్చికి మందు” అనగానే మానేసిన ఇళ్లున్నాయి. మానవద్దు. అలాగే డాక్టరు రాయకుండా కొని వేయనూ వద్దు. మత్తు వస్తుంది, షుగరు పెరగవచ్చు.

నందిగామ అమ్మకు డాక్టరుగారు ముందు ఇన్ఫెక్షన్ ఉందేమోనని వెతికారు. లేదు. విజయవాడ డాక్టరుతో మాట్లాడి మందు మార్చారు. సీసాలు ఎక్కించలేదు. మిర్చి డబ్బులో కొంత పెట్టి అబ్బాయి బరువు మెషీను కొన్నాడు. కాళ్ల నీరు తగ్గాక 37 కిలోలు తేలింది. ఐదు వారాల తర్వాత 38. ఆల్బుమిన్ 2.7, సీఆర్‌పీ 41. గొప్ప అంకెలేమీ కావు. మూడో కీమో మాత్రం ఇచ్చారు.

ఆపవలసిన సమయం

అందరికీ ఇలా జరగదు. జబ్బు ముదిరి, ఏ మందుకూ లొంగక, మనిషి ఎక్కువసేపు మంచంలోనే ఉంటున్నప్పుడు, ఇక చిక్కిపోవటాన్ని వెనక్కు తిప్పలేని దశ ఒకటి వస్తుంది. అప్పుడు వారం వారం ఆల్బుమిన్ చేయించటం సూదిపోటుకే. డాక్టరుగారిని సూటిగా అడగండి, “ఈ పరీక్ష చేస్తే మీరు ఏదైనా మారుస్తారా?” అని. మార్చేది లేకపోతే వద్దనవచ్చు. అది మీ హక్కు.

మా నాన్నగారికి కూడా జీర్ణాశయం క్యాన్సరే. నేను అప్పటికి ఉద్యోగంలో చేరి కొన్నేళ్లయింది. సెలవు పెట్టి ఇంటికి వెళ్లి, నర్సునని చెప్పి, ఇంట్లో అందరి మీదా పెత్తనం చేశాను. చెంచాతో పళ్ల మధ్య దూర్చి రాగిజావ పోశాను. ఆయన తల పక్కకు తిప్పుకుంటే కసిరాను. “మీరు తినకపోతే మేము ఏమి చేయాలి నాన్నా” అని ఏడ్చాను. ఒకరోజు ఆయన నా చెయ్యి పట్టుకుని, “తినాలనే ఉందమ్మా, పోవటం లేదు” అన్నారు. ఆ మాటలో ఉన్న నిజం నాకు ఎన్నో ఏళ్ల తర్వాత, సీఆర్‌పీ గురించి ఒక తరగతిలో చెబుతుంటే అర్థమైంది. ఆఖరు వారంలో మా అమ్మే నన్ను వంటింట్లోకి పంపేసి, ఆయన అడిగినప్పుడల్లా రెండు చెంచాల పుల్లమజ్జిగ పోసేది.

ఈ దశలో ఆకలి లేకపోవటం రోగిని బాధపెట్టదు, చూసేవారిని బాధపెడుతుంది. రోగిని బాధపెట్టేది ఎండిపోయిన నోరు. గంటకొకసారి తడి గుడ్డతో పెదవులు తుడవండి, పెదవులకు కొబ్బరినూనె గానీ వెన్న గానీ రాయండి. నాలుక మీద తెల్లగా పొర కడితే చూపించండి, దానికి మందుంది. మింగగలిగితే చెంచాతో చల్లని నీళ్లు, కొబ్బరినీళ్లు, ఏది అడిగితే అది ఇవ్వండి. తల కొంచెం ఎత్తి పట్టుకుని పోయాలి. దగ్గు వస్తే ఆపేయండి.